గింజ పోసే చేయి

మేస్త్రీ గారు పోయారన్న మాట మా ఊరికి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. మాచర్ల బండి దిగి నడిచి వచ్చిన మా సంఘపు పెద్ద ఒకాయన బడి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి అప్పుడు చెప్పాడు. నరసరావుపేటలో, సొంత ఇంట్లోనే, పది రోజుల జ్వరం తర్వాత పోయారట. శుక్రవారం నమాజు అయ్యాక మట్టి చేశారట. లోపల పిల్లలు ఏడో ఎక్కం అప్పజెబుతున్నారు. ఎక్కం చివరిదాకా విని అప్పుడు గంట కొట్టించాను.

ఆయన నాకు చుట్టం కాదు, మా మతం వారు కాదు, మా ఊరివారు కూడా కాదు. వ్యవసాయ శాఖలో మేస్త్రీ. అంటే ఆఫీసరు కాదు. ఆఫీసరు వచ్చి చెప్పిపోయిన మాటను చేలో దిగి చేసి చూపించవలసిన మనిషి. గురజాల చుట్టుపక్కల పదీ పదిహేను ఊళ్ళు ఆయన వంతు. సైకిలు మీద తిరిగేవారు. మా ఊరికి వచ్చినప్పుడు సాయిబుకు బస ఎవరిస్తారన్న ప్రశ్న వచ్చి, చివరకు పల్లె పక్కనున్న మా మిషను బడిలో పలకలూ చాపలూ పెట్టుకునే గది ఖాళీ చేసి ఇచ్చాం. తొమ్మిదేళ్ళపాటు నెలకు నాలుగైదు రోజులు ఆ గది ఆయనది. సాయంత్రం నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకునే వేళకే ఆయన అవతల తువ్వాలు పరుచుకునేవారు. ఒకరి గొంతు ఒకరికి అడ్డం కాకూడదని ఇద్దరమూ తగ్గించి చదువుకునేవాళ్ళం. నన్ను అక్కా అని పిలిచేవారు.

ఆయనకు 'ఇలా చేయండి' అనడం అలవాటు లేదు. 'ఒక చాలు వేసి చూడండి' అనేవారు. చేనంతా మీ పద్ధతిలో వేసుకోండి, ఒక్క చాలు మాత్రం నా మాట మీద వేయండి, కోతల నాడు రెండిటినీ పక్కపక్కన పెట్టి మీరే చెప్పండి అనేవారు. వాదన పెట్టుకునేవారు కాదు. చొక్కా జేబులో ఒక పొడవాటి ఇనప మేకు ఉండేది. ఎవరి చేలోకి వెళ్ళినా ముందు ఆ మేకు నేలలో గుచ్చి, తీసి, దాని కొనకు అంటిన మట్టిని వేళ్ళతో నలిపి, తడి ఎంత లోతుందో చూశాకే పలకరించేవారు. మా ఆడవాళ్ళు దానికి నవ్వుకునేవారు. మేస్త్రీ ముందు నేలకు దండం పెట్టి తర్వాత మనకు పెడతాడు అనేవారు.

పెంట దిబ్బల సంగతి ఒకటి చెప్పాలి. మా పల్లెలో ప్రతి ఇంటి ముందూ దిబ్బ ఎండకు ఎండి, వానకు కొట్టుకుపోతూ ఉండేది. ఆయన దాన్ని చూసి, "ఎండకు ఎగిరిపోయేది పెంట కాదక్కా, వీళ్ళ సంకటి" అన్నారు. నా చేత బడి వెనక నడుము లోతు గొయ్యి తవ్వించి, ఊడ్చిన చెత్తా, పేడా, పొయ్యి బూడిదా పొరలు పొరలుగా వేయించి, పైన మట్టి కప్పించారు. ఆరు నెలలకు తీస్తే నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా వచ్చింది. ఆ ఎరువు వేసిన సొరపాదు దడి దాటి, ప్రార్థన మందిరం కప్పు ఎక్కింది. ఆ ఏడు ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరి అడిగింది వాక్యం సంగతి కాదు, గొయ్యి సంగతి. నాకు కొంచెం కష్టం అనిపించి ఆయనకు చెప్పాను. "రెండూ అడిగినట్టేలే అక్కా" అన్నారు.

విత్తనానికి ముందు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచడం, నాలుగో నాటికి ఎన్ని మొలిచాయో చూసి పనికివచ్చే విత్తనమో కాదో తేల్చుకోవడం మాకు నేర్పింది ఆయనే. వాలు చేలల్లో ఏరి పారేసే రాళ్ళనే వాలుకు అడ్డంగా పేర్చి వాన నీటిని ఆపడం కూడా. ఇవన్నీ ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ ఆయన పేరు చెప్పి చేయరు. ఎప్పుడూ ఉన్నవే అన్నట్టు చేస్తారు. దానికి ఆయన సంతోషించేవారనుకుంటాను.

అయితే నేను ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ఆయన మేలు చేసిన చోటును గురించి కాదు. ఆయన పొరపాటు చేసిన చోటును గురించి. ఆ పొరపాటులో నాకూ భాగం ఉంది.

అవి యుద్ధం రోజులు. బియ్యం మాట అటుంచి జొన్నలకే కరువు. అటువంటప్పుడు మా జొన్న చేలకు కాటుక తెగులు పట్టింది. పాలు పోసుకోవలసిన గింజ నిండా నల్లటి పొడి. కంకి విరిస్తే చేతులు మసిబారేవి. నూర్చేటప్పుడు ఆ పొడే మంచి గింజకు అంటుకుని, మరుసటి ఏడు మొలకతోపాటు మళ్ళీ పైకి వస్తుందని మేస్త్రీ గారు చెప్పారు. తొలకరికి ముందు మైలుతుత్తం తెచ్చి, ఆ నీలం గడ్డలను నీళ్ళలో కరిగించి, విత్తనాలు కాసేపు నానబెట్టి, నీడన ఆరబెట్టి విత్తితే తెగులు రాదన్నారు. ఊళ్ళో పొలం ఉన్న రైతులందరినీ మా బడి అరుగు మీద కూర్చోబెట్టి చేసి చూపించారు. ఈ గింజ విత్తడానికే, మనిషి తినకూడదు, గొడ్డుకు పెట్టకూడదు అని మూడుసార్లు చెప్పారు. రైతులు సరేనన్నారు. తినడానికి విత్తనం ఎందుకు నానబెడతామని ఒకరిద్దరు నవ్వారు కూడా.

నేను లోపల కిటికీ దగ్గర ఉన్నాను. నాకు ఒక సంగతి తట్టింది. మా వైపు విత్తనాలు వేసే గొర్రు తోలేది మగవాడు. గొర్రు వెనక నడుస్తూ దాని మీది చెక్క గిన్నెలో, జడ్డిగంలో, పిడికిటి నుంచి గింజ సన్నగా పోసేది ఆడమనిషి. చేలోకి వెళ్ళిన విత్తనం తిరిగి ఇంటికి రాకూడదని మా వాళ్ళ పట్టింపు. అందుచేత పొద్దుగూకేసరికి ఆమె ఒడిలో ఏం మిగిలితే అది ఆమెది. ఒడిగింజలు అంటారు. రైతుకు అవి తన గింజలుగా లెక్కలోకే రావు. ఆ అరుగు మీద కూర్చున్న వాళ్ళెవరికీ అవి గుర్తు రాకపోవడంలో వింత లేదు. ఆయన నరసరావుపేట మనిషి, ఆయనకు తెలియదు. నాకు తెలుసు. కాని అంతమంది మగవాళ్ళ మధ్యకు వెళ్ళి మాట్లాడటం నాకు అలవాటు లేదు. తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాను. ఆ సాయంత్రం పలకలు తుడిపించే హడావిడిలో మరిచాను.

గింజ పోయడంలో మరియమ్మ చేతికి పేరు. పెనిమిటి పోయిన మనిషి, ఏడేళ్ళ కూతురు సువార్త తప్ప ఎవరూ లేరు. ఆమె పోసిన చేలో మొలకలు కొలిచి నాటినట్టు వస్తాయని తొలకరిలో ఆమె కోసం రైతులు పోటీ పడేవారు. ఆ ఏడు మొదటి రోజునే ఆమె ఒడిలో రెండు సోలల గింజ మిగిలింది. ఇంట్లో గింజ లేని రోజులు. కడిగి, దంచి, మర్నాడు పొద్దున్నే సంకటి వండింది.

పక్కింటామె పరుగెత్తుకుని వచ్చేసరికి మేస్త్రీ గారు సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు. తల్లీ కూతురూ పచ్చగా కక్కుకుంటున్నారని ఆమె చెబితే, ఏం తిన్నారని మాత్రం అడిగారు. ఇంటికి వెళ్ళి, కుండలో అడుగున ఉన్న సంకటి చాయ చూసి, గడపలో చతికిలబడ్డారు. అది ఒక్క క్షణం. లేచి ఇల్లిల్లూ తిరిగి కోడిగుడ్లు అడిగారు. తెల్లసొన పాలలో గిలకొట్టి ఇద్దరికీ తాగించి, కక్కితే మళ్ళీ తాగించి, ఎద్దుల బండి కట్టించారు. గురజాల ఆస్పత్రికి ఆరు మైళ్ళు. మరియమ్మ నా ఒళ్ళో, పిల్ల ఆయన ఒళ్ళో. దారి పొడుగునా ఆయన ఆ పిల్లను ఒక్క మాటే అడుగుతూ వచ్చారు.

"నీ పేరేంది తల్లీ?"

"సువార్త" అని పిల్ల గొణిగినప్పుడల్లా ఆయన ఊపిరి వదిలేవారు. పిడుగురాళ్ళ రోడ్డు ఎక్కాక ఒకసారి అడిగితే జవాబు రాలేదు. మళ్ళీ అడిగారు. రాలేదు. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి పట్టుకున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల, "ఎన్నిసార్లు చెప్పాలి" అంది. ఆయన నవ్వబోయి ఏడ్చారు.

మూడో నాటికి పిల్ల లేచి కూర్చుంది. తల్లికి వారం పట్టింది.

ఊరి మాటలు ఊరివి. సర్కారువాడు విషం తెచ్చాడన్నారు కొందరు. గింజకు ఆశపడి విత్తనం తిన్నదన్నారు మరికొందరు. ఆయనకు కోపం రావడం నేను ఆ ఒక్కసారే చూశాను. "ఆశ కాదు, అది ఆమె హక్కు. మీ ఊరి ఆచారం మీకే గుర్తులేదా?" అని ఊరి పెద్ద ముఖాన అడిగేశారు.

జరిగినదాన్ని పైఆఫీసుకు ఆయనే రాసి పంపాలనుకున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఊరుకుంటే ఊరుకున్నట్టే. అయినా నా దగ్గరకు వచ్చి, ఆయన చెబుతుంటే ఇంగ్లీషులో పెట్టమన్నారు. ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని నాకు భయం. వాళ్ళు తెలియక తిన్నారు అని రాసి చదివి వినిపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వాళ్ళు తెలియక తినలా అక్కా. నేను తెలియజెప్పక తిన్నారు. అట్టా రాయండి."

"మీరు మూడుసార్లు చెప్పారుగా" అన్నాను.

"పొలం ఉన్నోళ్ళకు చెప్పా. గింజ పోసే చేతికి చెప్పలా."

అప్పుడు నేను ఉండబట్టలేక కిటికీ దగ్గర నాకు తట్టిన సంగతి, ఊరుకున్న సంగతి చెప్పేశాను. ఫరవాలేదు అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. కాగితం నా వైపు జరిపి, "అయితే వచ్చే ఏడు మీరే చెప్పాలి" అన్నారు. ఆయన నన్ను ఓదార్చి ఉంటే ఆ తప్పు నా లోపలే ఉండిపోయేది. పని అప్పజెప్పారు గనుక దాన్ని దించుకోగలిగాను.

పైఆఫీసు వారు చీవాట్లు పెట్టి, ఆ ఏటికి ఊరుకున్నారు. కోతలకు మందు పట్టించిన చేలన్నీ శుభ్రంగా పండాయి. ఒక్క నల్ల కంకి లేదు. మేస్త్రీ గారు ఆ కంకులు ఎవరికీ చూపించి గొప్ప చెప్పుకోలేదు. మరియమ్మ ఆ ఏడు మిగతా తొలకరి అంతా ఇంట్లోనే ఉంది. ఆమె చేతికి దోషం పట్టిందని కొందరు పిలవలేదు. పిలిచిన వాళ్ళకు ఆమే రానని చెప్పింది. బిడ్డ నోట్లో విషం పెట్టిన చేయి అని నాతో అంది. కలుపుకూ కోతకూ వెళ్ళేది గాని విత్తనం ముట్టేది కాదు.

మరుసటి తొలకరికి ముందు ఆయన రైతులను పిలవలేదు. గింజ పోసే ఆడవాళ్ళను పిలవమన్నారు. పద్దెనిమిది మంది వచ్చారు. నేను నిలబడి, పోయినేడు నేను చెప్పకపోయిన సంగతితోనే మొదలుపెట్టాను. ఆయన గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుని విన్నారు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. విత్తనం గాదెలోంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పమన్నారు.

ఆ పూట బయటపడిన సంగతులు ఇన్నీ అన్నీ కావు. ఆరబెట్టిన చాప మీద రాలిన గింజ కోళ్ళకు పోతుంది. చాకలికి ఒక దోసెడు పోతుంది. నానబెట్టిన కుండను కడిగి మజ్జిగకు వాడతారు. కుండ మాట విని ఆయన తల పట్టుకున్నారు. ఒక ముసలామె ఆయన అవస్థ చూసి, "మగోళ్ళను అడిగితే విత్తనం చేలోనే పుట్టుద్దని చెప్తారు నాయనా. మమ్మల్ని అడగాల్సింది ముందే" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

ఒడిగింజల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. మిగిలిన గింజ పూడ్చేయాలంటే కూలి మనుషుల నోటి దగ్గరిది తీసినట్టు అవుతుంది. తినమంటే ప్రాణం మీదికి వస్తుంది. అప్పటిదాకా అరుగు కింద, అందరికీ ఎడంగా నిలబడ్డ మరియమ్మ నోరు విప్పింది.

"మందు తగలకముందే తియ్యండి. రెండు సోలలు ముందే కొలిచి, వేరే గుడ్డలో మూటగట్టి ఆమె చేతికియ్యండి. ఆమె చేలోకి తీసకపోయి, మళ్ళా తెచ్చుకుంటది. ఒడిలో మిగిలింది గట్టు కింద పూడుస్తది."

అంతే. చేలోకి వెళ్ళి వచ్చిన గింజా అవుతుంది, మందు తగలని గింజా అవుతుంది. మేస్త్రీ గారు లేచి నిలబడి ఆమె చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే నా చేత రాయించుకున్నారు. మైలుతుత్తం పోయి గంధకం పొడి వచ్చాక కూడా ఆ ముందు మూట పద్ధతి మానలేదు. ఏ ఊరు వెళ్ళినా, ఇది నేను కనిపెట్టింది కాదు, ఫలానా ఊళ్ళో మరియమ్మ చెప్పింది అనేవారు. దాచేపల్లి నుంచి వచ్చిన ఒక రైతు, మరియమ్మ అంటే ఎవరో పెద్ద ఆఫీసరమ్మ అనుకున్నానని నాతో అన్నాడు.

అంత చెప్పి కూడా ఆమె విత్తనం ముట్టనంది. మేస్త్రీ గారు బతిమాలలేదు. బడి వెనక ఉన్న అరెకరం మాన్యంలో గొర్రు కట్టించి, తానే గొర్రు వెనక గింజ పోయడానికి దిగారు. ఖాకీ నిక్కరు, భుజాన ఒడిగుడ్డ. ఊరి ఆడవాళ్ళంతా గట్టు మీద చేరారు. ఆయన పిడికిట్లోంచి ఒకసారి గుప్పెడు గింజ ఒక్కచోటే పడేది, తర్వాత నాలుగు అడుగులు ఏమీ లేదు. ఎద్దులకే జాలేసినట్టు అవి ఆగి ఆగి నడిచాయి. మూడో చాలులో ఉండగా మరియమ్మ కొంగు నడుముకు దోపుకుని చేలోకి దిగింది.

"జరుగు మేస్త్రీ. నేలను పాడు చేస్తన్నావు" అని ఒడిగుడ్డ లాక్కుంది.

ఆయన కావాలనే అలా చేశారా అని తర్వాత అడిగాను. "చేతకాకే అక్కా, ఒట్టు" అన్నారు. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత ఏళ్ళలో ఆయనా మరియమ్మా ఎన్నోసార్లు ఎదురుపడ్డారు, చేను గురించీ వాన గురించీ మాట్లాడుకున్నారు. ఆ సంకటి రోజు గురించి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఆయన క్షమించమని అడగలేదు. ఆమె క్షమించానని అనలేదు. ఇద్దరి మధ్యా తేలిపోయిందనే నేను అనుకున్నాను.

కబురు తెలిసిన వారంలో నేను నరసరావుపేట బయలుదేరుతుంటే మరియమ్మ తానూ వస్తానంది, కూతురినీ వెంట తెచ్చింది. సువార్తకు ఇప్పుడు పద్నాలుగో పదిహేనో ఏళ్ళు. మేస్త్రీ గారి ఇల్లు బజారు వెనక సందులో, పెంకుటిల్లు. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉన్నారు. నేను బడి పంతులమ్మనని చెప్పగానే గుర్తుపట్టారు. మరియమ్మను చూపించి పేరు చెప్పాను. ఆమె మరియమ్మను దాటి, వెనక నిలబడ్డ పిల్లను చూశారు.

"ఈ పిల్లేనా?" అన్నారు.

తొలకరి వస్తే చాలు, ఆ వైపు నుంచి ఎవరు కనబడినా ఆ పిల్ల ఎట్టా ఉందని అడిగేవారట. బాగుందని తనకు తెలిసినా అడిగేవారట. చివరి జ్వరంలో కూడా, నీ పేరేంది తల్లీ అని కలవరించేవారట. ఎవరిని అడుగుతున్నారో తమ పిల్లలకు అర్థం కాలేదు, తనకు మాత్రం తెలుసు అన్నారామె.

మరియమ్మ ఆమె ఎదురుగా చాప అంచున కూర్చుంది. "బూబమ్మా, నాకు ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది" అంది. "బండిలో నా బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నప్పుడే పోయింది. ఆ మాట చెప్పాల్సింది నేనే. చెప్పలా."

మేస్త్రీ గారి భార్య లేచి లోపలికి వెళ్ళి, ఎవరో చుట్టాలు పంపిన రొట్టెలూ పప్పూ ఒక పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, సువార్తను చాప మీద తన ఎదురుగా కూర్చోబెట్టారు. పిల్ల తల్లి వంక చూసింది. మరియమ్మ తినమన్నట్టు తల ఊపింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, పిల్ల సిగ్గు మరిచి తినసాగింది. ఆ ఇద్దరు తల్లులూ ఆమె ప్రతి ముద్దనూ నోటిదాకా చూస్తున్నారు. పళ్ళెం ఖాళీ అవుతుండగా పిల్ల తల ఎత్తి, ఇంకో రొట్టె ఉందా అని అడిగింది.